అయిదు స్వరాలు, ఆరు తీగలు



బళ్ళారి జిల్లా ఎమ్మిగనూరు నుంచి ఒక యువకుడు ఉత్తరం రాశాడు. ఎమ్మిగనూరు అనగానే చాలామందికి కర్నూలు జిల్లాలోని చేనేత ఊరు గుర్తొస్తుంది. అది కాదు, ఇది కంప్లి వైపున్న ఎమ్మిగనూరు. ఆ అబ్బాయి పెళ్ళిళ్ళకు వెళ్ళే ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. ఉత్తరం సారాంశం ఇది. "పెంటటానిక్ స్కేలు అయిదు బాక్సులూ నేర్చుకున్నాను. కళ్ళు మూసుకుని పైకీ కిందకీ వాయించగలను. కానీ బ్లూస్ సోలో వాయించబోతే పాఠం అప్పజెప్పినట్టే ఉంటోంది. మా హార్మోనియం పెద్దాయన వినేసి, ఇది హిందోళమేరా, దీనికింత బాధ దేనికి అంటున్నాడు. నిజమేనా? ఈ ఏడాది కూడా ఇంతే అయితే గిటారు అమ్మేసి అన్నగారి ఎరువుల అంగట్లో కూర్చుంటాను."

ఎరువుల అంగడిని నేను చిన్నచూపు చూడడం లేదు. కానీ అయిదు బాక్సులు వచ్చినవాడు గిటారు అమ్ముకోవలసిన పని లేదు. అతనికి అక్షరాలు వచ్చాయి, మాటలు ఇంకా రాలేదు. ఈ సంగతి గిటారు పట్టే ప్రతివాడికీ ఎదురవుతుంది గనుక ఈనాటి ప్రసంగం దీనిమీదే. వీలైతే ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. రేడియోలో బొమ్మ గీసి చూపించలేం కదా, అంకెలు చెబుతాను, రాసుకుందురుగాని.

ముందు హిందోళం మాట తేలుద్దాం.

పెంటటానిక్ అంటే అయిదు స్వరాలది అని అర్థం. మన శాస్త్రంలో ఔడవం అంటాం. బ్లూస్ గిటారు వాళ్ళు మొదట పట్టుకునేది మైనర్ పెంటటానిక్ స్కేలు. దాని స్వరాలు షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. స గ మ ప ని. కర్ణాటక సంగీతం తెలిసినవారు వెంటనే పట్టేస్తారు, ఇది శుద్ధ ధన్యాసి. త్యాగరాజస్వామి 'ఎంత నేర్చినా' కీర్తన, ముత్తయ్య భాగవతార్ 'హిమగిరి తనయే' ఈ రాగంలోనివే. హిందోళంలోనూ స, గ, మ, ని అవే స్వరాలు, కానీ పంచమం ఉండదు, దాని స్థానంలో శుద్ధ ధైవతం ఉంటుంది. గిటారు మీద ఈ రెంటికీ తేడా ఒక్క మెట్టు. ఆ ఒక్క మెట్టుతో రాగం మారిపోతుంది. 'సామజవరగమనా' ఒకసారి, 'హిమగిరి తనయే' ఒకసారి కూనిరాగం తీసి చూడండి, మీకే తెలుస్తుంది.

అయితే హార్మోనియం పెద్దాయన మాట పూర్తిగా అబద్ధమా? కాదు. అందులో ఒక తమాషా ఉంది. గిటారు పుస్తకాల్లో చెప్పే అయిదు బాక్సులూ ఆ అయిదు స్వరాలనే ఒక్కో చోటినుంచి మొదలుపెట్టినవి. మనవాళ్ళు దీన్ని గ్రహభేదం అంటారు. షడ్జమం నుంచి మొదలుపెట్టి, అదే ఆధార షడ్జమంగా పెట్టుకుంటే శుద్ధ ధన్యాసి. ఆ గాంధారాన్నే షడ్జమం చేసుకుంటే మోహనం. మధ్యమాన్ని షడ్జమం చేసుకుంటే మధ్యమావతి. పంచమాన్ని చేసుకుంటే హిందోళం. నిషాదాన్ని చేసుకుంటే శుద్ధ సావేరి. అయిదు బాక్సులు, అయిదు రాగాలు. అబ్బాయి నాలుగో బాక్సు ఒక్కటే కిందనుంచి పైకి వాయిస్తూ కూర్చున్నప్పుడు పెద్దాయన విని ఉంటాడు. వెనక శ్రుతి లేదు, తంబురా లేదు, బేస్ గిటారు లేదు. ఆ చెవికి కిందిస్వరమే షడ్జమంగా వినిపించింది, హిందోళం అన్నాడు. ఆయన చెవి మంచి చెవి.

అబ్బాయి ఇబ్బంది కూడా ఇక్కడే ఉంది. అతను బాక్సు చూస్తున్నాడు, షడ్జమం ఎక్కడుందో చూడడం లేదు. షడ్జమం మరిచి వాయించే స్వరాలు ఏ రాగమైనా కావచ్చు, ఏ రాగమూ కాకపోవచ్చు.

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. గిటారులో అన్నిటికంటే లావు తీగ ఆరోది, సన్నతీగ ఒకటోది. మామూలు శ్రుతిలో లావు తీగ నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ. లావు తీగ మీద అయిదో మెట్టు ఎ స్వరం. దాన్ని షడ్జమం అనుకుందాం. మొదటి బాక్సు ఇలా ఉంటుంది. ఆరో తీగ మీద 5, 8 మెట్లు. అయిదో తీగ మీద 5, 7. నాలుగో తీగ మీద 5, 7. మూడో తీగ మీద 5, 7. రెండో తీగ మీద 5, 8. ఒకటో తీగ మీద 5, 8. మళ్ళీ చెబుతాను. లావు తీగ నుంచి సన్నతీగ దాకా 5-8, 5-7, 5-7, 5-7, 5-8, 5-8.

ఇప్పుడు అంకెల పక్కన స్వరాలు రాయండి. ఆరో తీగ మీద స, గ. అయిదో తీగ మీద మ, ప. నాలుగో తీగ మీద ని, పై స. మూడో తీగ మీద గ, మ. రెండో తీగ మీద ప, ని. ఒకటో తీగ మీద స, గ. ఈ బాక్సులో షడ్జమం మూడు చోట్ల ఉంది. ఆరో తీగ అయిదో మెట్టు, నాలుగో తీగ ఏడో మెట్టు, ఒకటో తీగ అయిదో మెట్టు. ఆ మూడింటి చుట్టూ సున్నాలు చుట్టండి. మిగతా నాలుగు బాక్సుల్లోనూ ఇలాగే సున్నాలు చుట్టుకోవాలి. ఆ పని మీకే వదిలేస్తున్నాను. మరొకరు గీసిచ్చిన పటం కంటే మనం వెతికి చుట్టిన సున్నా ఎక్కువ గుర్తుంటుంది.

రెండో బాక్సు సంగతి కొంచెం చెప్పాలి. ఆరో తీగ మీద 8, 10. అయిదో తీగ, నాలుగో తీగల మీద 7, 10. మూడో తీగ మీద 7, 9. రెండో తీగ, ఒకటో తీగల మీద 8, 10. మొదటి బాక్సులో పై అంచున ఉన్న మెట్లే రెండో బాక్సుకు కింది అంచు, గమనించారా? 1953 అక్టోబరులో ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు ఆంధ్రకు, బళ్ళారి ఇటు మైసూరుకు అని గీత గీశారు. గీత గీసినంత మాత్రాన సంతలు ఆగలేదు, సంబంధాలు ఆగలేదు. బాక్సుల మధ్య గీత కూడా అంతే. ఒక తీగ మీదనే మొదటి బాక్సులోంచి రెండో బాక్సులోకి జారు వేసి వెళ్ళడం, తిరిగి రావడం అలవాటు చేసుకోవాలి. నన్నడిగితే మొదటి మూడు నెలలూ ఈ రెండు బాక్సులు చాలు. మిగతా మూడూ ఎక్కడికీ పోవు.

స్వరాలు ఎక్కడున్నాయో తెలిశాక, బ్లూస్ ఏమిటో కూడా కాస్త తెలియాలి. లేకపోతే శుద్ధ ధన్యాసిని ఇంగ్లీషు యాసలో పాడినట్టవుతుంది.

బ్లూస్ అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతివారి పాట. పత్తిచేలలో పుట్టి పెరిగిన పాట. అక్కడ 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం జరిగినప్పుడు ఇంగ్లండు మిల్లులకు అమెరికా పత్తి రావడం ఆగిపోయింది. అప్పుడు వాళ్ళ చూపు మన దేశం మీద పడింది. మన బళ్ళారి నల్లరేగడి పత్తికి ఒక్కసారిగా ధర పెరిగింది. యుద్ధం ముగిసి అక్కడ బానిసత్వం చట్టరీత్యా పోయింది, ఇక్కడ ధర దిగిపోయింది. బానిసత్వం పోయినా చాలామంది అదే చేలలో పాలుకు సేద్యం చేస్తూ అప్పుల్లోనే ఉండిపోయారు. పొలంలో ఒకరినొకరు కేకవేసి పాడుకున్న పాటలు, చర్చిలో పాడిన పాటలు, కూలిపాటలు, వీటన్నిటిలోంచి బ్లూస్ వచ్చింది. డబ్ల్యు. సి. హ్యాండీ అనే సంగీతజ్ఞుడు 1903 ప్రాంతంలో మిసిసిపీ రాష్ట్రంలో టట్‌వైలర్ అనే చిన్న రైల్వే స్టేషనులో బండి కోసం కాచుకుని ఉండగా, ఒక బీదవాడు గిటారు తీగల మీద చాకు ఆనించి జారుస్తూ వాయించడం విన్నానని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మన గోటువాద్యం విన్నవారికి ఆ జారు కొత్త కాదు. 1914లో ఆయన అచ్చువేసిన 'సెయింట్ లూయిస్ బ్లూస్' ప్రపంచమంతా తిరిగింది.

రేడియోవాళ్ళం గనుక ఇంకో ముక్క. బి. బి. కింగ్ 1925లో మిసిసిపీలోని పత్తితోటలో పుట్టాడు, చిన్నప్పుడు పత్తి ఏరాడు. 1940ల చివర మెంఫిస్ నగరంలో డబ్ల్యు.డి.ఐ.ఎ. అనే రేడియో స్టేషనులో పాటలు వేసి మాట్లాడే ఉద్యోగం చేశాడు. అక్కడ పెట్టుకున్న 'బ్లూస్ బాయ్' అనే పేరులోంచే ఆ రెండు బి-లు వచ్చాయి. 2015లో కన్నుమూసేదాకా వాయిస్తూనే ఉన్నాడు. ఆయన పాడేటప్పుడు గిటారు వాయించేవాడు కాదు. పాట ఆపాక గిటారు అందుకునేది, గిటారు ఆగాక గొంతు అందుకునేది.

ఇప్పుడు తాళం. బ్లూస్‌లో ఎక్కువ వాడేది పన్నెండు బార్ల ఏర్పాటు. బారుకు నాలుగు దెబ్బలు. పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది. అంటే ఆదితాళం ఆరు ఆవర్తనాలు. ఇలా లెక్క వేసుకుంటే మనవాళ్ళకు దారి తప్పదు. మొదటి రెండు ఆవర్తనాలు వెనక వాయించేవారు షడ్జమం మీది కార్డ్ పట్టుకుంటారు. మూడో ఆవర్తనం మధ్యమం మీది కార్డ్. నాలుగోది మళ్ళీ షడ్జమం. అయిదో ఆవర్తనంలో ముందు సగం పంచమం మీది కార్డ్, వెనక సగం మధ్యమం మీది కార్డ్. ఆరోది ముందు సగం షడ్జమం, చివరి సగం పంచమం, మళ్ళీ మొదటికి. ఎ శ్రుతిలో అయితే ఇవి ఎ, డి, ఇ కార్డ్‌లు. మూడింటికీ సెవెన్త్ కలుపుతారు. నడక చాలాసార్లు తిశ్రగతి. ప్రతి దెబ్బనూ తకిట అని మూడు చేసి, మొదటి రెండూ కలిపేసి మూడోదాన్ని విడిగా పలికితే వాళ్ళు షఫుల్ అనే నడక వస్తుంది. మీ ఊళ్ళో తబలా వాయించేవారికి ఈ ఒక్క ముక్క చెప్పండి, పట్టేస్తారు.

మన సంగీతం నేర్చినవాళ్ళు తడబడేది ఇక్కడే. మనకు తంబురా మొదటినుంచి చివరిదాకా ఒకటే స్వరం మీద ఉంటుంది. బ్లూస్‌లో కాళ్ళకింద నేల జరుగుతుంటుంది. మనం పట్టుకున్న స్వరం అదే అయినా, వెనక కార్డ్ మారగానే దాని రుచి మారుతుంది.

గాంధారాన్నే తీసుకోండి. షడ్జమం మీది కార్డ్‌లో ఉండేది అంతర గాంధారం. మన స్కేలులో ఉన్నది సాధారణ గాంధారం. రెండూ పక్కపక్క మెట్లు, ఒకేసారి మోగితే రాసుకుంటాయి. మన పరిభాషలో అపస్వరమే. బ్లూస్ ప్రాణం ఆ రాపిడిలోనే ఉంది. నల్లజాతి గాయకులు పాడే గాంధారం సాధారణమూ కాదు, అంతరమూ కాదు, రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. హార్మోనియంలో ఆ స్వరానికి మెట్టు లేదు. గిటారులో తీగ లాగితే వస్తుంది. మూడో తీగ అయిదో మెట్టు గాంధారాన్ని చూపుడువేలితో నొక్కి, కొంచెం, అరమెట్టులో సగం, అంతే లాగండి. మొదటి రెండు ఆవర్తనాల్లో గాంధారాన్ని ఇలా లాగి వదలాలి. మూడో ఆవర్తనంలో మధ్యమం మీది కార్డ్ వస్తుంది. అందులో సాధారణ గాంధారం స్వయంగా ఒక అంగం. అప్పుడు అదే గాంధారాన్ని లాగకుండా నిలిపి చూడండి. ఇంతవరకూ కొట్లాడిన స్వరం ఇంటికి చేరినట్టుంటుంది. అయిదు బాక్సుల్లో ఎక్కడికి పరుగెత్తినా దొరకని సంగతి ఈ ఒక్క మెట్టు మీద ఉంది.

రెండో లాగు మధ్యమం మీద. మూడో తీగ ఏడో మెట్టు మధ్యమం. ఉంగరపు వేలితో నొక్కి, వెనక మధ్యవేలు, చూపుడువేలు సాయం పెట్టి, తీగను పైకి నెట్టి పంచమం దాకా తీసుకెళ్ళాలి. శ్రుతి సరిపోయిందో లేదో ఎవరినీ అడగక్కరలేదు. రెండో తీగ అయిదో మెట్టు పంచమమే. ముందు అది మీటి వినండి, తర్వాత మధ్యమాన్ని లాగి అక్కడికి చేర్చండి. రోజూ యాభైసార్లు చేయండి. వేలు నొప్పి పుడుతుంది, పుట్టనివ్వండి. మధ్యమానికీ పంచమానికీ నడుమ ప్రతి మధ్యమం ఉందే, అయిదో తీగ మీద ఆరో మెట్టు, మూడో తీగ మీద ఎనిమిదో మెట్టు, దాన్ని కూడా దారిలో తాకుతారు. దానిమీద నిలవకూడదు, తగిలి పోవాలి.

ఒక హెచ్చరిక. మామూలు అకూస్టిక్ గిటారులో మూడో తీగకు చుట్టువైరు ఉంటుంది, లావుగా ఉంటుంది, ఇంత దూరం లాగితే రాదు. బలవంతం చేస్తే తీగ తెగుతుంది. అక్కడ లాగడానికి బదులు ఏడో మెట్టు నుంచి తొమ్మిదో మెట్టుకు జారు వేయండి. ఎలక్ట్రిక్ గిటారు ఉన్నవారు సన్నతీగల సెట్టు, తొమ్మిదో పదో నంబరుది, అడిగి తెచ్చుకోండి.

మెట్లున్న వాద్యం మీద గమకం పలకదని మనవాళ్ళలో ఒక అపోహ ఉండేది. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మేండొలిన్ మీద కర్ణాటక సంగీతమంతా పలికించి దాన్ని పోగొట్టాడు. 1978లో గుడివాడలో మొదటి కచేరీ చేసేనాటికి ఆయన వయసు తొమ్మిదేళ్ళు. తర్వాత గిటారు విద్వాంసుడు జాన్ మెక్లాఫ్లిన్‌తో కలిసి 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించాడు. ఆ రికార్డులు వినండి. అది బ్లూస్ కాదు. కానీ తీగ మీద వేలు జారి, ఆగి, వణికి, స్వరాన్ని ఎలా మాట్లాడిస్తుందో తెలుస్తుంది. శ్రీనివాస్ 2014లో నలభై అయిదేళ్ళకే పోయాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు ఊరుకోదు.

ఇక సోలో పాఠంలా ఉంటోందన్న ఫిర్యాదు. స్వరాలు ఆపకుండా వాయిస్తే పాఠంలాగే ఉంటుంది. ఊపిరి ఏదీ? బ్లూస్ పాటలో చాలావరకు ఒక పాదం పాడి, అదే పాదం మళ్ళీ పాడి, మూడో పాదంలో దానికి జవాబు చెబుతారు. ఒక్కో పాదానికి రెండు ఆవర్తనాలు. అందులో మొదటి ఆవర్తనం గొంతుది, రెండోది గిటారుది అనుకోండి. మనకు ఈ పద్ధతి బుర్రకథలో లేదా? కథకుడు ఒక మాట అంటాడు, వంతలు అందుకుంటారు, మళ్ళీ కథకుడు. మన బళ్ళారి జిల్లా దరోజి ఈరమ్మగారు 2014లో కన్నుమూసేదాకా బుర్రకథలు చెప్పారు. కథ సాగనిచ్చేది ఆ అందుకోవడమే. ఎడతెగకుండా కథకుడే మాట్లాడితే జనం లేచిపోతారు.

కనుక ఇలా చేయండి. ముందు నోటితో రెండు మాటలు పాడుకోండి, తెలుగైనా కన్నడమైనా. "వాన రాలేదు, పైరు ఎండింది" అనుకోండి. ఆ మాట ఎక్కడ పైకి లేచింది, ఎక్కడ పడింది, ఎక్కడ ఆగింది విని, అదే ఎత్తుపల్లం మొదటి బాక్సులో నాలుగైదు స్వరాలతో వాయించండి. ఆగండి. నాలుగు దెబ్బలు చేతులు కట్టుకు కూర్చోండి. అదే మళ్ళీ వాయించండి, చివర ఒక స్వరం మార్చి. మళ్ళీ ఆగండి. మూడోసారి జవాబు వాయించి షడ్జమం మీద దిగండి. మొదట్లో ఈ ఆగడం చాలా కష్టం. చేయి ఊరుకోదు. పెళ్ళి పందిట్లో వందమంది చూస్తుంటే ఇంకా ఊరుకోదు.

వేళ్ళ వేగానికి సాధన వద్దనడం లేదు. దానికి మన దగ్గరే మంచి పద్ధతి ఉంది. సరళీ వరిసలు, జంట వరిసలు, దాటు వరిసలు. వాటినే ఈ అయిదు స్వరాల మీద పెట్టండి. స గ మ, గ మ ప, మ ప ని, ప ని స అని మూడేసి చొప్పున పైకి, అలాగే కిందకి. తర్వాత స స గ గ మ మ ప ప అని జంటలు. తర్వాత స మ, గ ప, మ ని, ప స అని ఒకటి దాటి ఒకటి. పాశ్చాత్యులు ప్యాటర్నులు అని పుస్తకాలు అమ్మేది వీటినే. వరవీణ గీతం నేర్చిన పిల్లలకు సగం పని అయిపోయినట్టే. మోహనం వేళ్ళు మేజర్ పెంటటానిక్‌కు అలాగే పనికొస్తాయి. బి. బి. కింగ్ ఆ మేజర్‌నూ ఈ మైనర్‌నూ ఒకే వాక్యంలో కలిపేవాడు. అది తర్వాతి మెట్టు, తొందరపడవద్దు.

సాధనకు వెనక ఎవరూ లేకపోతే ఒక ఉపాయం. స్నేహితుడి చేతికి గిటారు ఇచ్చి ఆరు ఆవర్తనాల కార్డ్‌లు, నిమిషానికి అరవై దెబ్బల చొప్పున, పావుగంట వాయించమని ఫోనులో రికార్డు చేసుకోండి. దానిమీద మొదటి వారమంతా ఒక్క షడ్జమమే వాయించండి. కార్డ్ మారిన ప్రతిసారీ ఆ షడ్జమం ఎలా వినిపిస్తోందో వినండి. రెండో వారం గాంధారం చేర్చండి, లాగుతూ, నిలుపుతూ. మూడో వారం మధ్యమం, దాన్ని పంచమానికి లాగడం. నిషాదం నాలుగో వారంలో. అప్పటికి హార్మోనియం పెద్దాయనను కూడా పిలిచి షడ్జమం పట్టి ఉంచమనండి. ఆయన చెవి మంచిదని ముందే చెప్పాను కదా, శ్రుతి తప్పితే మీకంటే ముందు ఆయనే చెబుతాడు.